తిరుపతి అపార్ట్‌మెంట్లలో గ్యాస్ మానేసి పూర్తిగా కరెంటుకు మారదామా?

బైరాగిపట్టెడ వాసి:
మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దీని మీద రెండుగా చీలిపోయింది. కొందరు పైపు గ్యాస్ కోసం ఆగుదామంటున్నారు (పాత చిత్తూరు జిల్లా, కోలారు, వెల్లూరు కలిపి పైపు గ్యాస్ సరఫరాకు ఒకే ఏరియా). ఇంకొందరు గ్యాసే వద్దు, ఇంటింటికీ ఇండక్షన్ పెట్టుకుందామంటున్నారు. నేను రెండో వైపు. మన దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచి వస్తుంది. అక్కడ గొడవ జరిగితే ఇక్కడ మనకు టెన్షన్. పైగా మే నెలలో మన ఊరి ఎండకు తోడు ఆ మంట ముందు నిలబడి వండేవాళ్ల బాధ చూస్తూనే ఉన్నాం. మీరేమంటారు?

చిత్తూరు అక్క:
తమ్ముడూ, మా ఇంట్లో రోజూ రాగి సంగటి. కట్టెతో బలంగా అదిమి కెలకాలి. ఆ బరువంతా గాజు పలక మీద పడితే ఏం కావాలి? అల్యూమినియం గిన్నెలు ఇండక్షన్ మీద పనికిరావు, అడుగు గుండ్రంగా ఉన్న బాణలి సరిగా వేడెక్కదు. గిన్నెలన్నీ మార్చుకునే స్తోమత అందరికీ ఉండదు. కాఫీ, పాలు, అన్నం, కుక్కర్ వరకు కరెంటు పొయ్యి హాయి, ఒప్పుకుంటా. గ్యాస్ మొత్తం తీసేయమంటే మాత్రం ఒప్పుకోను.

కొర్లగుంట:
అక్క మాటే నాదీ. 2024 నవంబరులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అలాంటి ఇంటిని కరెంటు బిల్లు పెంచుకోమని ఎలా అడుగుతాం? కరెంటు పోతే వంటే ఆగిపోతుంది. ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టర్ 2,000 వాట్ల పొయ్యిని మోయలేదు.

వైరింగ్ పని:
నేను ఇళ్లకు, లాడ్జిలకు ఎలక్ట్రికల్ పనులు చేస్తాను. లెక్క పెట్టి మాట్లాడుకుందాం.

14.2 కిలోల సిలిండర్లో దాదాపు 180 యూనిట్ల వేడి ఉంటుంది. మామూలు స్టవ్ మీద అందులో 60 శాతం చిల్లర గిన్నెకు చేరుతుంది, మిగతాది వంటింట్లోకి పోతుంది. అదే వంట ఇండక్షన్ మీద చేస్తే 130 యూనిట్లు కాలుతాయి. 2022 టారిఫ్ మార్పు నుంచి మన స్లాబుల్లో 126–225 యూనిట్లకు 6 రూపాయలు, 226–400కు 8.75. అంటే వంట యూనిట్లన్నీ 6 రూపాయల స్లాబులో పడితే 780 అవుతుంది, ఏసీ ఉన్న ఇంట్లో పై స్లాబుకు ఎక్కితే 1,137. సర్దుబాటు ఛార్జీలు వేరే. మీ సిలిండర్ ధరతో మీరే పోల్చి చూసుకోండి.

పొగ సంగతీ అంతే. ఒక సిలిండర్ కాలిస్తే 42 కిలోల కార్బన్ డయాక్సైడ్. గ్రిడ్ కరెంటులో ఎక్కువ బొగ్గుదే, యూనిట్‌కు సగటున 0.7 కిలోలు. 130 యూనిట్లకు 90 కిలోల పైమాట. పైన సోలార్ లేకుండా ఇండక్షన్‌కు మారితే వంటింటి గాలి బాగుపడుతుంది (గ్యాస్ మంటలో నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు), భూమికి మాత్రం ఇప్పటికిప్పుడు లాభం లేదు.

అందుకే నా వాదన ఇది: పొయ్యి దగ్గర కొట్లాట ఆపి ముందు వేడినీళ్లు మార్చండి. హీట్ పంపు గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి పంపుతుంది, ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి. మన ఊరి వెచ్చటి గాలి దానికి బాగా కలిసొస్తుంది. 100 లీటర్లను 20 డిగ్రీలు వేడి చేయడానికి గీజర్ 2.3 యూనిట్లు తింటే ఇది 0.8తో సరిపెడుతుంది. బొగ్గు కరెంటుతో నడిపినా గ్యాస్ బాయిలర్ కంటే పొగ ఎక్కువ కాదు. తిరుపతిలో వేడినీళ్లు కాచే లాడ్జిలు ఎన్ని ఉన్నాయో చూడండి. నీళ్లు కాచడంలో 19 కిలోల కమర్షియల్ సిలిండర్ చేసే పనికి హీట్ పంపుకు 65 యూనిట్లు చాలు.

బస్టాండ్ దగ్గర లాడ్జి:
అన్నా, దర్శనానికి వెళ్లేవాళ్లు రాత్రి రెండు గంటలకే వేడినీళ్లు అడుగుతారు. సోలార్ హీటర్ నీళ్లు ఆ వేళకు అయిపోతాయి. బోరు నీళ్లకు ఉప్పు పేరుకుంటుంది, ఏ మిషన్ పెట్టినా అదే బాధ. మీరు చెప్పేదానికి ఇంత ఉప్పు తట్టుకునే శక్తి ఉందా?

వైరింగ్ పని:
నీళ్లలో ఉప్పు తగ్గించే సాఫ్ట్‌నర్ లేకుండా పెట్టొద్దు సార్. ఆ ఖర్చు కూడా కలిపే కొటేషన్ అడగండి. రెండు గంటల సంగతి భయం లేదు, సాయంత్రమే కాచి ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులో పెట్టుకోవచ్చు. మధ్యలో కరెంటు పోయినా నీళ్లు వేడిగానే ఉంటాయి.

బైరాగిపట్టెడ వాసి:
సోలార్ అన్నారు కదా, అపార్ట్‌మెంట్‌కు కుదురుతుందా? 2002లోనే కొండ మీద అన్నప్రసాదం వంటకు 106 సోలార్ డిష్‌లతో ఆవిరి తీశారు. కింద మనకెందుకు చేతకాదు?

వైరింగ్ పని:
అది ఎండతో నేరుగా ఆవిరి చేసే పద్ధతి, మనది ప్యానెళ్లతో కరెంటు తీసి, మిగిలింది గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకంలో సొంత ఇంటికి 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది. హౌసింగ్ సొసైటీ ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000. లిఫ్టు, మోటారు, కామన్ లైట్ల బిల్లు దాంతో తగ్గించుకోండి.

కొర్లగుంట:
వేడినీళ్ల వరకు నాకు అభ్యంతరం లేదు. పొయ్యి మాత్రం ఎవరిష్టం వారిది అని మీటింగ్‌లో రాసుకోండి, సంతకం పెడతా.

వైరింగ్ పని:
అది న్యాయమే. ఇండక్షన్ పెట్టుకునేవాళ్లు ముందు 16 ఆంప్స్ సాకెట్‌కు విడిగా వైరు లాగించుకోండి, ఎర్తింగ్ చూపించుకోండి, శాంక్షన్ లోడ్ (మీ కనెక్షన్‌కు అనుమతించిన కిలోవాట్లు) ఎంతుందో బిల్లులో చూసుకోండి. అన్ని ఫ్లాట్లలో ఒకేసారి సాయంత్రం ఏడింటికి పొయ్యిలు వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం గురించి కరెంటు ఆఫీసుకు అర్జీ అసోసియేషన్ పేరుతోనే పెట్టండి.