సాబ్జీ మాస్టారు శాసనమండలికి వెళ్లి సాధించిందేంటి?

గోదారిగట్టు:
మన ఉపాధ్యాయ సంఘం యూటీఎఫ్‌కు రాష్ట్ర అధ్యక్షుడిగా చేసి, 2021లో ఉభయ గోదావరి ఉపాధ్యాయ ఎమ్మెల్సీగా గెలిచారు షేక్ సాబ్జీ గారు. 2023 డిసెంబర్ 15న ఉండి మండలం చెరుకువాడ దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయారు. ఉప ఎన్నికలో మళ్లీ యూటీఎఫ్ నాయకుడే, బొర్రా గోపీమూర్తి గారు గెలిచారు. సంఘం నాయకుడు మండలిలో కూర్చుంటే మనకేం లాభం? పాత పింఛను బదులు తెచ్చిన సీపీఎస్ పోలేదు. ప్రైమరీ తరగతుల్ని హైస్కూళ్లలో కలిపే జీవో 117 రానే వచ్చింది.

పాతపలక:
మండలిలో పీడీఎఫ్ సభ్యులు, అంటే సాబ్జీ గారిలా సంఘాల మద్దతుతో గెలిచినవాళ్లు, ఎంతమందండీ? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు జీవోలు ఆపుతారా? చివరి రోజు కూడా ఆయన అంగన్‌వాడీల సమ్మెకు మద్దతుగా తిరుగుతూనే ఉన్నారు. వాళ్లకు ఈ ఎన్నికల్లో ఓటు కూడా లేదు.

గోదారిగట్టు:
నేననేదీ అదే. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ (వేతన సవరణ) మీద ఉద్యోగుల చలో విజయవాడకు వచ్చిన జనాన్ని చూసి ప్రభుత్వం కదిలింది. సభలో ప్రశ్నలు చూసి కాదు.

శ్రీకాకుళంసారు:
ఆ తర్వాత కుదిరిన పీఆర్సీ ఒప్పందం మాకు నచ్చనేలేదు.

పాతపలక:
సభలో ప్రశ్న వేస్తే రాతపూర్వక సమాధానం వస్తుంది. ఆ కాగితం పట్టుకునే మేం కోర్టుకు వెళ్లాం.

ఎస్‌జీటీ_మేడం:
అంగన్‌వాడీలకు ఓటు లేదన్నారు కదా, ప్రైమరీ టీచర్ని, నాకూ లేదండీ. 3, 4, 5 తరగతులు హైస్కూలుకు తీసుకెళ్లి నా బడిలో పదకొండు మంది పిల్లల్ని మిగిల్చారు. తర్వాత నన్ను రెండు బస్సులు మారే ఊరికి పంపారు. మా మండలంలో నాయకుడొకాయన ప్రచారానికొచ్చి, ప్రైమరీ అని తెలిసి గేటు దగ్గరి నుంచే వెళ్లిపోయారు.

పాతపలక:
ఓటేసే టీచరు పనిచేసే బడి సెకండరీ స్థాయికి తగ్గకూడదని రాజ్యాంగం 171వ అధికరణంలోనే ఉంది మేడం. అది మార్చాల్సింది పార్లమెంటు. చనిపోయిన మనిషి మీద ఆ నింద వెయ్యకండి.

ఎస్‌జీటీ_మేడం:
ఆయన్ని నేనేమీ అనలేదు! సభ్యత్వం రసీదు మాత్రం ఏటా నా దగ్గర కోస్తున్నారు. ఓటు హైస్కూలు వాళ్లది, చందా మాదా?

గోదారిగట్టు:
మేడం, నాకు ఓటుంది, స్కూల్ అసిస్టెంట్‌ని. ఇన్నేళ్లలో ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు.

పాతపలక:
మా డివిజన్ మీటింగుల్లో కూడా ఎవరూ ఎత్తలేదు. కానీ ఎమ్మెల్సీయే వద్దంటే మీ మాట సభలో ఎవరంటారు?

ఎస్‌జీటీ_మేడం:
వద్దనలేదండీ. ఈసారి ప్రచారానికొస్తే లోపలికి రమ్మనండి.