స్టెల్లర్ సీ కౌ వేట లెక్క 1768కి కుదరడం లేదు: గాయపడి పోయినవాటి నిష్పత్తి ఎంత పెట్టాలి?

రష్యా తూర్పు తీరం దగ్గరి కమాండర్ దీవుల్లో ఉండి 1768 నాటికి అంతరించిన స్టెల్లర్ సీ కౌలు (నాచు మేసే భారీ సముద్ర క్షీరదాలు) వేట ఒక్కదానితోనే అంతరించి ఉంటాయా అని ఎక్సెల్‌లో చిన్న మోడల్ కట్టాను.

1743లో మొదలు 1,500 జంతువులు (జంతుశాస్త్రవేత్త స్టెయినెగర్ అంచనాలో పై హద్దు). వృద్ధి ఏటా 5%, అంటే దాని బంధువైన సముద్ర క్షీరదం డుగాంగ్‌కు చెప్పే గరిష్ఠం. ఒక జంతువు మాంసం 33 మందికి నెలరోజులు. ఏటా 50 మంది చొప్పున రెండు వేట బృందాలు తొమ్మిది నెలలు ఉన్నాయనుకున్నాను (ఇది నా ఊహే), కాబట్టి ఒడ్డుకు చేరేవి ఏడాదికి 27.

ఇలా పెడితే 1768 నాటికి మంద అంతరించకపోగా దాదాపు 3,800కు చేరేలా ఉంది! వృద్ధిని 2%కి దించినా 1,600 దగ్గరే ఆగుతోంది. సీ ఆటర్లు పోయి, అవి తినే సీ అర్చిన్లు పెరిగి, సీ కౌల మేత అయిన కెల్ప్ (పెద్ద సముద్రపు నాచు) తరిగిందన్న వాదన తెలుసు. దాన్ని కావాలనే పక్కన పెట్టాను, ముందు వేట లెక్క తేలాలి.

అసలు లోపం వృథా దగ్గరుందని నా అనుమానం. ఈ జంతువును మొదట వర్ణించిన ప్రకృతి శాస్త్రవేత్త స్టెల్లర్ బృందం కొక్కేనికి కట్టిన పొడవాటి తాడుతో, ఒడ్డున ముప్పై మంది లాగగా పట్టేది. తర్వాత వచ్చిన బొచ్చు వేటగాళ్లు చిన్న గుంపులుగా ఈటెతో పొడిచి వదిలేసేవాళ్లు. చాలావరకు సముద్రంలోకి వెళ్లి చచ్చేవి. 1768లో సున్నా రావాలంటే ఒడ్డుకు చేరిన ఒక్కోదానికి మొత్తం నాలుగు చావాలి (2% వృద్ధికైతే సుమారు మూడు).

ఈటె లేదా హార్పూన్‌తో డుగాంగ్, మనాటీ (డుగాంగ్ లాంటి మరో క్షీరదం), తిమింగలాల వేటలో ఇలా చేజారి చనిపోయినవాటి నిష్పత్తి నమోదైన లెక్క మీకేదైనా తెలుసా?