అప్‌డేట్: నర్సింగ్ పిల్లలు, వార్డులో మొదటి చావు

శ్రీకాకుళంలో నర్సింగ్ ట్యూటర్‌ని. సెకండియర్ పిల్లలు వార్డులో మొదటిసారి చావు చూసి బెంబేలెత్తిపోతున్నారు, ముందే ఎలా తయారుచేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

లెక్చర్ తగ్గించి చేతికి పని ఇవ్వమన్న మాట బాగా కలిసొచ్చింది. తడి దూదితో పెదవులు తుడవడం, నెమ్మదిగా పక్కకి తిప్పి పడుకోబెట్టడం ముందు బొమ్మ మీద చేయించాను. ఊపిరి కాసేపు ఆగి మళ్లీ అందుకోవడం, గొంతులో గురగుర చివరి గంటల్లో మామూలేనని చెప్పాను. గురగుర వినగానే సక్షన్ (గొంతులో కఫం లాగే మెషిన్) కోసం పరుగెత్తక్కర్లేదు, పక్కకి తిప్పితే చాలాసార్లు తగ్గుతుంది.

మొన్న ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ రోగి ఒకాయన డయాలసిస్ ఇక వద్దన్నారు. "నాన్న నీళ్లు కూడా తాగట్లేదు, సెలైనైనా పెట్టండి సిస్టరమ్మా" అని కూతురు ఒకటే ఏడుపు. మా స్టూడెంట్ అమ్మాయి వాదించలేదు, దూది తడిపి ఆవిడ చేతికే ఇచ్చింది. ఇది నేను నేర్పింది కాదు!

డ్యూటీ అయ్యాక కాసేపు కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నాను. ఏడ్చేవాళ్లని ఏడవనిస్తున్నాను.

తీవ్రమైన నొప్పికిచ్చే మార్ఫిన్ అంటే భయం మాత్రం పోలేదు. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) సవరించి రూల్స్ సడలించినా, "అలవాటైపోద్ది మేడమ్" అంటున్నారు, సీనియర్లతో సహా. దీనికి మీరేం చేస్తున్నారో చెప్పండి.