అక్కాచెల్లెళ్ల గ్రీకు యాత్ర: వారంలో మూడు దీవులా, ఒకే దీవా?

బెజవాడ చెల్లెలు:
నేను జర్మనీలో ఉంటున్నాను. మా అక్క విజయవాడ నుంచి ఆగస్టు నెలాఖరుకు వస్తోంది. పెళ్లిళ్లయ్యాక భర్తలూ పిల్లలూ లేకుండా మేమిద్దరమే కలిసి ప్రయాణం చేయడం ఇదే మొదటిసారి. గ్రీసు దీవులకు వెళ్దామని ఇద్దరం అనుకున్నాం గానీ, ఎన్ని దీవులన్న దగ్గర మాట కలవడం లేదు. అంత దూరం నుంచి వచ్చి ఒక్క దీవి చూసి వెళ్లడమేమిటి, మికొనోస్, నాక్సోస్, శాంటోరిని మూడూ చూడవలసిందేనని అక్క పట్టుదల. ఒకచోట దిగి తీరిగ్గా గడపాలని నా కోరిక. అక్కకు మోకాళ్ల నొప్పులున్నాయి, మాంసం, చేపలు ముట్టదు. ఏది సబబో చెప్పండి.

నీలిగవ్వ:
అక్కగారి మాటే న్యాయంగా ఉందండి. యూరప్‌లో ఉన్న మీకు గ్రీసు మరో వేసవిలోనైనా అందుతుంది. ఆవిడ షెంజెన్ వీసాకే 90 యూరోలు కట్టి, ఇంట్లో అందరికీ ఏర్పాట్లు చేసి రావాలి. పైగా ఈ మూడు దీవులూ ఒకే పోలికలో ఉండవు. శాంటోరిని సుమారు 3,600 ఏళ్ల క్రితం బద్దలైన అగ్నిపర్వతపు అంచు. ఆ బూడిద కింద పూడిపోయిన అక్రోటిరి పట్టణంలో 1967లో గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త మారినాటోస్ తవ్వకాలు మొదలుపెట్టాడు. అక్కడి గోడల మీద కుంకుమపువ్వు ఏరుతున్న అమ్మాయిల చిత్రాలు బయటపడ్డాయి. అంతటి చోటును నాక్సోస్ నుంచి ఓడలో రెండు గంటల దూరంలో ఉంచుకుని చూడకుండా తిరిగి వెళ్లమనడం నాకు భావ్యంగా తోచడం లేదు.

ఏథెన్స్ ప్రవాసి:
నీలిగవ్వ గారు చెప్పిన రెండు గంటలు ఓడ నడిచే సమయం మాత్రమే, ప్రయాణం దానితో అయిపోదు. దీవి మారే రోజున పొద్దున్నే పెట్టెలు సర్దుకుని, గది ఖాళీ చేసి, రేవులో ఎండన పడి ఎదురుచూడాలి. ఓడ వెనుకవైపు నుంచి గట్టుకు ఆనుతుంది. ఇనుప తలుపు కిందికి దిగేలోపే జనమంతా అడుగు అంతస్తులో లారీల మధ్య, డీజిలు వాసనలో పెట్టెలు పట్టుకుని నిలబడి ఉంటారు. అది కొద్ది నిమిషాల్లోనే మళ్లీ బయలుదేరుతుంది కనుక అందరూ తోసుకుంటూ దిగుతారు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇది వారంలో రెండు మూడుసార్లు జరిగితే, ఆ రోజుల్లో అక్కాచెల్లెళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది టికెట్ల గురించీ, పెట్టెల గురించీ మాత్రమే. ఇన్నేళ్ల తర్వాత ఇద్దరికీ దొరికిన వారంలో రోజులకు రోజులు అలా పోవడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

ఇక మెల్తేమి సంగతి. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి వీచే ఈ గాలి ఒక్కోసారి రోజుల తరబడి తగ్గదు. గాలి మితిమీరితే రేవు అధికారులు ఓడలను ఆపివేస్తారు, అందులోనూ చిన్నవైన వేగపు ఓడలు ముందుగా ఆగిపోతాయి. మూడు దీవులకు వరుసగా గదులు మాట్లాడుకున్నవారికి ఒక్క ఓడ ఆగితే మిగతావన్నీ తలకిందులవుతాయి.

నా మాట నాక్సోస్. ఈ మూడూ ఉన్న సైక్లడీస్ అనే దీవుల గుంపు అంతటిలోకీ పెద్దది. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి పెద్ద ఓడలో అయిదు గంటలకు పైగా పడుతుంది. రేవు ఊరికి ఆనుకునే ఉంటుంది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలై ఆగిపోయిన గుడి తాలూకు పాలరాతి ద్వారం, పోర్తారా, ఓడ దిగకముందే కనిపిస్తుంది. సముద్రం ఒడ్డు దారి చదునుగా ఉంటుంది కనుక అక్కగారు సాయంత్రాలు హాయిగా నడవగలరు. కోట వైపు సందుల్లో మాత్రం మెట్లున్నాయి. భోజనానికి దిగులు పడవద్దు. ఫావా పోపు వేయని మన ముద్దపప్పులా ఉంటుంది, మీద ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. గిగాండెస్ అనే పెద్ద చిక్కుడు గింజల కూర, బ్రియామ్ అనే కూరగాయల వంటకం దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి. బియ్యం కూరిన టమాటాలు తెప్పించుకునేటప్పుడు మాత్రం మాంసం కలిపారేమో అడగండి. ఉపవాస దినాల్లో తినే వంటలను అక్కడ నిస్తీసిమా అంటారు. ఆ మాట అంటే మాంసం, పాలు లేని వంటకాలేవో చూపిస్తారు. అయితే వాటిలో గవ్వచేపల వంటివి ఉండవచ్చు కనుక ఆ సంగతి కూడా విడిగా చెప్పాలి.

శాంటోరినికి నాక్సోస్ నుంచే ఒక పగలు వెళ్లి రావచ్చు.

నీలిగవ్వ:
ఆ చివరి మాట ఒప్పుకోలేను. పగటిపూట వెళితే షికారు ఓడల జనం మధ్యనే నలగాలి. 2025 నుంచి రోజుకు ఎనిమిది వేల మంది షికారు ఓడల యాత్రికులనే పరిమితి పెట్టారంటేనే రద్దీ ఎంతో ఊహించవచ్చు. వాళ్లంతా వెళ్లిపోయాక, ఎండ తగ్గాక ఆ కొండ అంచున నిలబడితేనే శాంటోరిని చూసినట్టు. మికొనోస్ వదులుకోమంటే వదులుకుంటారేమో గానీ, శాంటోరినిలో రెండు రాత్రులైనా ఉండనివ్వండి.

బెజవాడ చెల్లెలు:
అక్కకు ఇదంతా చదివి వినిపించాను. మికొనోస్ వద్దనడానికి ఒప్పుకుంది. శాంటోరినిని మాత్రం వదలనంటోంది. అక్కడ మెట్లు ఆరు వందల దాకా ఉంటాయని విన్నాం, నిజమేనా?

ఏథెన్స్ ప్రవాసి:
ఆ మెట్లు శాంటోరిని ముఖ్యపట్టణం ఫిరా కింద ఉన్న పాత రేవువి, అక్కడ తీగ బండి (కేబుల్ కార్) కూడా ఉంది. మీ ఓడ ఆగేది అథీనియోస్ రేవులో, అక్కడి నుంచి బస్సు పైకి తీసుకువెళుతుంది. ఇబ్బంది వచ్చేది ఓయా అనే ఊళ్లోనూ, ఫిరాలోనూ కొండ చరియను తొలిచి కట్టిన గదులతో. ఫోటోల్లో ముచ్చటగా ఉంటాయి గానీ పెట్టె మోసుకుంటూ మెట్లు దిగాలి, ప్రతి కాఫీకీ మళ్లీ ఎక్కాలి. కమారిలోనో పెరిస్సాలోనో నల్ల ఇసుక తీరాన, చదునైన చోట గది తీసుకోండి. అక్రోటిరి తవ్వకాలు పైకప్పు కింద ఉన్నాయి కనుక ఎండ బాధ ఉండదు.

నాలుగు రాత్రులు నాక్సోస్, రెండు శాంటోరిని అంటే ఇక నాకూ అభ్యంతరం లేదు. ఏడో రాత్రి మాత్రం ఏథెన్స్‌కు ఉంచండి. విమానం ఎక్కే రోజునే దీవి నుంచి బయలుదేరవద్దు, గాలికి ఓడ ఆగితే అక్క విజయవాడ విమానం తప్పిపోతుంది. ఆ పూట ఖాళీ దొరికితే ఏథెన్స్ పురావస్తు మ్యూజియంలో అక్రోటిరి వసంత చిత్రం, వానకోయిలలు ఎగిరే ఆ గోడ, ఇద్దరూ కలిసి చూడండి.