కాకినాడలో అమ్మకు ఏ పేట అనువుగా ఉంటుంది?

నాన్నగారు పోయిన తర్వాత అమ్మ అమలాపురం దగ్గర మా ఊళ్లో ఒంటరిగా ఉంటోంది. ఆమెను కాకినాడకు తీసుకురావాలనుకుంటున్నాం. డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. అద్దె ఇల్లు ఏ వైపు చూడాలో దయచేసి చెప్పండి.

నా మనసు ఉప్పుటేరు అవతల ఉన్న జగన్నాథపురం మీద ఉంది. ఒకప్పుడు డచ్చివారు వర్తకం చేసిన పాత పేట. మొన్న వెళ్లినప్పుడు ఒక సందులో ఇద్దరు పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్లు ఒలుస్తూ, కూరల బండి అతనితో బేరం చేస్తున్నారు. అమ్మకు కావలసింది సరిగ్గా అదే. పలకరించే మనిషి లేకపోతే ఆమె నెల తిరిగేసరికి నీరసించిపోతుంది. కానీ ఆ సందులోకి అంబులెన్సు వస్తుందా అన్నదే నా భయం.

గాంధీనగర్, రామారావుపేటల్లో వీధులు తిన్నగా ఉంటాయి, నడకకు పార్కు ఉంది. అద్దెలే ఎక్కువ. సర్పవరం వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, గాలి, వెలుతురు అన్నీ ఉన్నాయి కానీ, తలుపులు మూసుకునే బతుకు అమ్మకు పడదు. ఆటో లేనిదే మందుల షాపుకు కూడా వెళ్లలేదు.

తుపాను వానలప్పుడు వీటిలో ఎక్కడ నీళ్లు నిలుస్తాయి? కుళాయి నీళ్లు రోజూ వస్తాయా? జగన్నాథపురంలో కాస్త వెడల్పైన వీధుల్లో కింది అంతస్తు ఇళ్లు దొరుకుతాయా? అక్కడ పెద్దవాళ్లతో ఉంటున్నవారు చెబితే మరీ మేలు. సంక్రాంతిలోగా ఇల్లు కుదుర్చుకోవాలి.