షెడ్డుకు బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ తీసుకోవాలా, ఎయిర్ గన్‌తోనే సాగాలా?

నల్లగొండ_షెడ్డు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే రోడ్డు మీద మూడేళ్లుగా ఒక చిన్న మరమ్మతు షెడ్డు నడుపుతున్నాను. నాతో పాటు ఇద్దరు కుర్రవాళ్లు పనిచేస్తారు. మా దగ్గరికి ఎక్కువగా కార్లు, బొలెరో పికప్‌లు, ఆటోలు వస్తాయి. నాట్ల కాలంలో ట్రాక్టర్లు కూడా వస్తాయి. లారీ పని మేము చేయము.

టైర్లకు గాలి పట్టడానికీ, దుమ్ము ఊదడానికీ మొదట్లోనే 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ కంప్రెసర్ కొన్నాను. దాని ట్యాంకు 160 లీటర్లు. పోయిన ఏడాది దానికి ఒక అర అంగుళం ఎయిర్ గన్ (గాలి ఒత్తిడితో నట్లు విప్పే, బిగించే గన్; అర అంగుళం అన్నది నట్టు మీద తొడిగే సాకెట్ తగిలే మొన కొలత) తగిలించాను. పెట్టె మీద 900 న్యూటన్ మీటర్లు (నట్టును తిప్పే బలం, అంటే టార్క్ కొలత) అని ఉంది. కారు మొదటి చక్రం నట్లను అది చక్కగానే విప్పుతుంది. రెండో చక్రానికి వచ్చేసరికి గన్ తిరుగుతున్న శబ్దం వస్తుంది కాని నట్టు కదలదు. చివరికి కుర్రవాళ్లు పానాకు పైపు తొడిగి కాలితో తొక్కి విప్పుతున్నారు. అలా తొక్కుతూ ఒకసారి ఒక అబ్బాయి జారి మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు. అప్పటి నుంచి ఈ విషయం నాకు మనసులో పడింది.

వారానికి రెండు మూడు సార్లు రోడ్డు మీద ఆగిపోయిన బండ్ల దగ్గరికీ, పొలాల దగ్గర ఉన్న ట్రాక్టర్ల దగ్గరికీ వెళ్లాల్సి వస్తుంది. నా దగ్గర 40,000 రూపాయలు ఉన్నాయి. ఆ డబ్బుతో పెద్ద కంప్రెసర్ వైపు వెళ్లాలా, అదే పనిని బ్యాటరీతో చేసే మంచి గన్ (ఇంపాక్ట్ రెంచ్) తీసుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. రెండూ వాడిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

హైవే_మెకానిక్

తమ్ముడూ, నేను నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి మీద లారీల పని చేస్తాను. ఇరవై ఏళ్లుగా ఎయిర్ గన్‌తోనే బతుకుతున్నాను కాబట్టి నా మాట కొంత అటువైపు మొగ్గుతుంది. అయినా నువ్వు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే తప్పు గన్‌లో లేదు, గాలిలో ఉంది.

ఎయిర్ గన్ పెట్టె మీద 4 లేదా 5 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి అన్న కొలత) అని రాసేది సగటు లెక్క. నిమిషంలో కొన్ని సెకన్లు మాత్రమే ట్రిగ్గర్ నొక్కుతామని అనుకుని వేసిన లెక్క అది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంత సేపూ అర అంగుళం గన్ సుమారు 20 సీఎఫ్‌ఎం గాలి తాగుతుంది. కంప్రెసర్ విషయానికి వస్తే, 6 బార్ ఒత్తిడి దగ్గర ఒక్కో హెచ్‌పీకి 3 నుంచి 4 సీఎఫ్‌ఎం వస్తే గొప్ప. అంటే నీ 2 హెచ్‌పీ కంప్రెసర్ ఇచ్చేది 6 నుంచి 8 మాత్రమే, మిగిలినదంతా ట్యాంకులో దాచుకున్న గాలి నుంచే రావాలి. ఆ నిల్వ ఎంతో ఇప్పుడు చూడు. 160 లీటర్ల ట్యాంకులో ఒత్తిడి 8 బార్ నుంచి 6 బార్‌కు పడేలోపు నీకు దొరికేది 320 లీటర్ల గాలి, అంటే దాదాపు 11 ఘనపు అడుగులు. 20 సీఎఫ్‌ఎం చొప్పున అది అర నిమిషం కంటే కొంచెం ఎక్కువ సేపు వస్తుంది. తుప్పు పట్టిన ఒక్కో నట్టుకు నాలుగైదు సెకన్లు పట్టినా ఏడెనిమిది నట్లకే ఆ నిల్వ అయిపోతుంది. మొదటి చక్రం చక్కగా రావడానికీ, రెండో చక్రం దగ్గర గన్ నీరసపడడానికీ కారణం ఇదే. మళ్లీ ట్యాంకు నిండాలంటే ఒకటిన్నర, రెండు నిమిషాలు ఆగాలి.

దీనికి తోడు పైపు ఉంది. చాలా షెడ్లలో గాలి పట్టే సన్నని పైపునే గన్‌కు కూడా తగిలిస్తారు. అర అంగుళం గన్‌కు కనీసం మూడు సూతుల పైపు, అంటే లోపలి వ్యాసం సుమారు 10 మిల్లీమీటర్లు ఉన్నది వేయాలి. చుట్టలు చుట్టుకునే నీలం రంగు సన్న పైపూ, ఇరుకైన కప్లింగూ కలిస్తే ట్యాంకు గేజీలో 8 బార్ చూపించినా గన్ దగ్గరికి సగం కూడా చేరకపోవచ్చు. గన్ మొదట్లో ఒక టీ జాయింటు (మూడు నోళ్ల పైపు ముక్క) బిగించి దానికి చిన్న గేజీ పెట్టు. ట్రిగ్గర్ వదిలినప్పుడు కాదు, నొక్కినప్పుడు అది ఎంత చూపిస్తుందో చూడు. 6.2 బార్, అంటే 90 పీఎస్‌ఐ, దగ్గర ఉంటేనే పెట్టె మీది అంకెకు అర్థం ఉంటుంది. కొత్తదేదీ కొనకముందు ఈ ఒక్క పని చేయి.

రోజూ సాయంత్రం ట్యాంకు అడుగున ఉన్న వాల్వు తెరిచి నీళ్లు వదలడం, పొద్దున్నే గన్ నోట్లో నాలుగు చుక్కల ఎయిర్ టూల్ నూనె వేయడం మరిచిపోకు. ఇంజిన్ ఆయిల్ వేయకూడదు. అది చిక్కబడి లోపలి రెక్కలను అతుక్కునేలా చేస్తుంది. నా గన్లలో ఒకటి పదకొండేళ్లుగా పనిచేస్తోంది, రెక్కలు రెండుసార్లు మార్చాను, అంతే.

పాలమూరు_బండి

హైవే_మెకానిక్ అన్నగారు గాలి లెక్క సరిగ్గా చెప్పారు. నేను జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర చుట్టుపక్కల బండి మీద తిరుగుతూ మరమ్మతులు చేస్తాను. నాకు షెడ్డు లేదు. కనుక నా వైపు నుంచి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు వేరుగా కనిపిస్తుంది.

మీరు వారానికి రెండు మూడు సార్లు బయటికి వెళ్తున్నానని రాశారు. ఆ పనికి కంప్రెసర్ ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు, అది మీ వెంట రాదు. నాలుగేళ్లుగా నేను 18 వోల్టుల బ్రష్‌లెస్ (మోటారులో కార్బన్ బ్రష్‌లు లేని) గన్ ఒకటి, 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ నిల్వ కొలత) బ్యాటరీలు రెండు పెట్టుకుని తిరుగుతున్నాను. కారు చక్రాలు, బొలెరో చక్రాలు, షాక్ అబ్జార్బర్ బోల్టులు, ట్రాక్టర్ కేజ్ వీల్స్ (బురద దున్నేటప్పుడు వేసే ఇనుప చక్రాలు) నట్లు అన్నీ దానితోనే నడుస్తున్నాయి. కరిగెట దున్నిన ట్రాక్టర్ నట్లకు మాత్రం ముందు మట్టి గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి, పావుగంట ఆగాలి. నేరుగా గన్ పెడితే స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) విరుగుతుంది.

కొనేటప్పుడు మోసపోకుండా ఉండాలంటే కొన్ని సంగతులు తెలియాలి. బజారులో 48, 88, 128 అని వోల్టుల లాగా కనిపించే అంకెలకు పక్కన చిన్నగా "వీఎఫ్" అని రాసి అమ్ముతున్నారు. అది వోల్టేజీ కాదు. వాటిలో చాలావాటిని విప్పి చూస్తే వరుసగా ఐదు సెల్లులే ఉంటాయి. ఒక్కో లిథియం సెల్లు 3.6 వోల్టులు కాబట్టి ఐదుకు 18 అవుతుంది. నిండా ఛార్జ్ అయినప్పుడు ఒక్కోటి 4.2 చొప్పున 21 అవుతుంది. 18 అన్నా, 20 మాక్స్ అన్నా, 21 అన్నా అవే ఐదు సెల్లులు. తేడా తెచ్చేది ఏహెచ్. 2 ఏహెచ్ ప్యాకులో ఒకే వరుస ఉంటుంది. 5 ఏహెచ్ ప్యాకులో సాధారణంగా రెండు వరుసలు పక్కపక్కన ఉండి భారం పంచుకుంటాయి. అందుకే అదే గన్‌కు చిన్న ప్యాకు పెడితే బిగుసుకున్న నట్టు దగ్గర చేతులెత్తేస్తుంది, పెద్ద ప్యాకు పెడితే విప్పుతుంది.

టార్క్ అంకెల్లో కూడా రెండు రకాలు ఉంటాయి. ఒకటి బిగించే టార్క్, మరొకటి విప్పే టార్క్. ఉదాహరణకు బాష్ జీడీఎస్ 18వీ-400 అన్న గన్‌కు బిగింపు 400 న్యూటన్ మీటర్లు, విప్పడానికి 600. ఒక కంపెనీ విప్పే అంకెను పెద్ద అక్షరాలతో వేస్తే, ఇంకొక కంపెనీ బిగించే అంకెను వేస్తుంది. రెండు పెట్టెలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఏ అంకె ఏదో చూసుకోవాలి. మీరు చెప్పిన పనులకు బిగింపు 400 దగ్గర ఉన్న అర అంగుళం గన్ చాలు.

ఇక మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో నల్లగొండలోనూ, పాలమూరులోనూ 44, 45 డిగ్రీలు చూస్తున్నాం. బ్యాటరీలను దాదాపు 40 డిగ్రీల లోపు వేడిలోనే ఛార్జ్ చేయాలని తయారీదారులు చెబుతారు. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఛార్జర్ పెడితే మంచి ఛార్జర్ అయితే వేడి తగ్గేదాకా ఆగుతుంది, నాసిరకం అయితే ఆగకుండా ఎక్కించి ప్యాకును పాడుచేస్తుంది. నేను రాత్రి ఇంట్లో ఛార్జ్ చేస్తాను, పగలు ప్యాకులను బండి సీటు కింద కాకుండా తడిగుడ్డ కప్పిన పెట్టెలో, తడి తగలకుండా పెడతాను. మొదటి ఏడాది ఈ జాగ్రత్త తెలియక ఒక ప్యాకును పోగొట్టుకున్నాను.

నల్లగొండ_షెడ్డు

ఇద్దరికీ ధన్యవాదాలు. మా పైపు చుట్టలు చుట్టుకునే సన్న పైపే. ఇంకొక సందేహం ఉంది. విప్పడం సరే, చక్రం నట్లను గన్‌తోనే చివరిదాకా బిగించవచ్చా? కుర్రవాళ్లు గన్ ఆగేదాకా కొడుతున్నారు. ఏది వాడినా ఈ అలవాటు మార్చాలా?

పనిముట్లు_పాఠం

తప్పకుండా మార్చాలి. నేను మహబూబ్‌నగర్‌లో పిల్లలకు ఈ పని నేర్పుతాను, అందువల్ల ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. చిన్న కార్లకు చక్రం నట్ల బిగింపు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. సరైన అంకె బండి పుస్తకంలో ఉంటుంది. గన్ 400 కొట్టగలిగినప్పుడు, "ఆగేదాకా" కొట్టడం అంటే స్టడ్‌ను సాగదీయడమే. ఇంపాక్ట్ రెంచ్ లోపల ఒక బరువైన సుత్తి తిరుగుతూ సాకెట్ పట్టుకున్న ఇరుసును సెకనుకు ఎన్నోసార్లు కొడుతుంది. ఒక్కో దెబ్బ సెకనులో వేయో వంతు సేపే ఉండడం వల్ల ఎదురు దెబ్బ చేతికి పెద్దగా తెలియదు. ఎంత బిగిసిందో చేతికి తెలియకపోవడం దాని సౌకర్యం, దాని ప్రమాదం కూడా అదే.

ఒకసారి మా ఇంటి కారును పట్టణంలోని ఒక దుకాణంలో టైర్లు మార్చడానికి ఇచ్చాను. నెల తిరగకముందే బ్రేకు నొక్కితే స్టీరింగు వణకడం మొదలైంది. విప్పి చూస్తే ఒక నట్టు చేత్తో వచ్చింది, మరొకటి మూడు అడుగుల పైపు వేసినా రాలేదు. నట్లు ఎగుడుదిగుడుగా బిగిస్తే హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మీద బ్రేకు డిస్కు సరిగ్గా కూర్చోదు, వణుకు అక్కడి నుంచే పుడుతుంది. అదే నట్టు రహదారి మీద విరిగి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

నా పద్ధతి ఇది. నట్టును మొదట చేత్తో మూడు నాలుగు మరలు తిప్పాలి. తర్వాత గన్‌ను తక్కువ వేగంలో పెట్టి, నట్టు ఆనేదాకా మాత్రమే తిప్పాలి. చక్రాన్ని నేలకు దించి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగిసిందో కొలిచి చెప్పే పానాతో) ఎదురెదురు వరుసలో బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూపించుకోమని బండి యజమానికి చెప్పాలి. మీ 40,000 రూపాయల్లో టార్క్ రెంచ్‌కు చోటు లేకపోతే గన్ కొనడం వాయిదా వేయండి. సాకెట్లు కూడా నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. మెరిసే మామూలు సాకెట్లు గన్ దెబ్బకు పగిలి ముక్కలు ముఖం మీదికి ఎగురుతాయి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ కుర్రవాళ్లకు కూడా కొనండి.

హైవే_మెకానిక్

టార్క్ రెంచ్ మాటకు నా వంతు కూడా కలుపుతున్నాను. లారీ చక్రాలకు 550, 600 న్యూటన్ మీటర్లు పెట్టాల్సి ఉన్నా మేము కూడా ఒక అంగుళం గన్‌తో ఆనించి, తర్వాత పొడవు రెంచ్‌తో చూస్తాం. తమ్ముడు లారీలు చేయనన్నాడు కాబట్టి పెద్ద కంప్రెసర్‌కు డబ్బు పోయనక్కరలేదని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది. 5 హెచ్‌పీ కావాలంటే త్రీ ఫేజ్ కనెక్షన్ కూడా తీసుకోవాలి, అది వేరే ఖర్చు. ఎప్పుడైనా పాత లారీనో ట్రెయిలరో వస్తే మాత్రం ఎడమవైపు చక్రాల స్టడ్‌ల మీద మర ఏ దిక్కుకు ఉందో ముందు చూసుకో. పాత బండ్లలో ఎడమవైపు మర తిరగబడి ఉంటుంది. తెలియక గన్ పెడితే విప్పుతున్నాననుకుని బిగిస్తావు.

నల్లగొండ_షెడ్డు

అన్నా, మీరు చెప్పినట్టు టీ, గేజీ బిగించి చూశాను. ట్యాంకు దగ్గర 7.5 బార్ ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే గన్ దగ్గర 3.6 చూపించింది. ఈ రోజు మూడు సూతుల పైపు, వెడల్పు కప్లింగ్ వేశాక 5.8 వచ్చింది. మొదటిసారిగా ఒక కారు మూడు చక్రాలు పైపు తొడగకుండానే వచ్చాయి. నాలుగో చక్రానికి రెండు నిమిషాలు ఆగాము. షెడ్డులో ఇది నాకు చాలు. మిగిలిన డబ్బుతో బయటి పనికి 400 న్యూటన్ మీటర్ల 18 వోల్టుల గన్, 5 ఏహెచ్ ప్యాకులు రెండు, 40 నుంచి 200 వరకు ఉన్న టార్క్ రెంచ్ ఒకటి తీసుకోవాలనుకుంటున్నాను. పాలమూరు_బండి గారూ, ప్యాకులు రెండూ ఒకేసారి కొనాలా?

పాలమూరు_బండి

గన్‌తో పాటు రెండు ప్యాకులూ, ఛార్జరూ కలిపి ఇచ్చే కిట్టు విడిగా కొన్నదానికంటే చవకగా వస్తుంది, అదే తీసుకోండి. బిల్లు మీద ప్యాకుల సీరియల్ నంబర్లు రాయించుకోండి. వారంటీ అడిగినప్పుడు గన్ బిల్లు ఒక్కటే చూపిస్తే ప్యాకుకు వర్తించదని నాతో అన్నారు. ప్యాకుల మీద ఒకటి, రెండు అని రంగుతో రాసి, రోజు మార్చి రోజు వాడండి.