మేడ మీది గ్రానీ స్మిత్ ఆపిల్ ఎందుకు పూయడం లేదు?

ప్రశ్న (రామమూర్తి నగర్, బెంగళూరు):
నమస్కారమండి. మూడేళ్ల క్రితం గ్రానీ స్మిత్ అంటుమొక్క కొని మేడ మీద డ్రమ్ములో నాటాను. ఇప్పుడది నా భుజం దాటి పెరిగింది గాని, ఒక్క పువ్వూ పూయలేదు. ఇది ఆలస్యంగా పండే రకమని, పూత నుంచి కోతకు సుమారు ఆరు నెలలు పడుతుందని చదివి ఇన్నాళ్లూ ఓపిక పట్టాను. మామిడికాయ దొరకని రోజుల్లో ఈ పుల్లటి కాయలతో పప్పు, పచ్చడి చేసుకోవాలన్నది మా ఇంటి ఆశ. ఇంకా ఎదురుచూడమంటారా?

జవాబు (యలహంక):
ఆలస్యంగా పండడం వేరు, అసలు పూయకపోవడం వేరండి. ఆ ఆరు నెలల లెక్క పూత విచ్చిన తరువాతి మాట. ఆపిల్ మొగ్గ నిద్ర లేవాలంటే మామూలుగా ఏడు డిగ్రీలకు దిగువన కొన్ని వందల గంటల చలి తగలాలి. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. కనుక చలి కోసం చూడడం వృథా.

ఇండోనేషియాలోని బాటు ప్రాంతపు రైతులు దీనికి వేరే దారి పట్టారు. వారు పెంచే రోమ్ బ్యూటీ ఆపిల్ కూడా చలిదేశాల్లో ఆలస్యంగా కోసే రకమే అయినా, వారు కోత ముగిసిన కొన్ని వారాలకే ఆకులన్నీ చేత్తో దూసేసి, కొమ్మలను అడ్డంగా వంచి కట్టి, మొగ్గ గాఢనిద్రలోకి జారకముందే దాన్ని తట్టి లేపి, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. నేనూ మా ఇంట్లోని ‘అన్నా’ అనే ఆపిల్ రకం చెట్టుకు అదే చేశాను. మొదటిసారి హడావుడిగా లాగడంతో ఆకుతో పాటు మొగ్గలూ ఊడి వచ్చాయి. రెండోసారి తొడిమ మిగిలేలా కత్తెరతో ఆకు మాత్రమే కత్తిరించాను; తొడిమలు వాటంతట అవే రాలిపోయాయి, మొగ్గలు దక్కాయి.

జవాబు (బనశంకరి):
పై సలహా మంచిదే గాని, గ్రానీ స్మిత్ దానికి లొంగుతుందన్న నమ్మకం నాకు తక్కువ. చెట్టును కొట్టేయకుండా ఒక కొమ్మకు ‘అన్నా’, మరో కొమ్మకు ‘డోర్సెట్ గోల్డెన్’ రకం అంటు కట్టండి. మొదటిది ఇజ్రాయెల్‌లో, రెండోది బహామాస్‌లో పుట్టినవి కనుక తక్కువ చలితోనే పూస్తాయి, పుప్పొడికీ ఒకదానికొకటి తోడవుతాయి. అయితే అన్నా కాయ గ్రానీ స్మిత్‌లా నెలల తరబడి నిల్వ ఉండదు.

జవాబు (మడివాళ):
చెట్టు సంగతి పెద్దలు చెప్పారు, నేను వంట సంగతి చెబుతాను. మార్కెట్‌లో దొరికే ఆకుపచ్చ ఆపిల్‌తో మా ఇంట్లో తరచూ పప్పు చేస్తాను. కందిపప్పు మెత్తగా ఉడికాకే ముక్కలు వేసి, పలుకు పోకముందే దించాలి. మామిడికాయంత పులుపు రాదు కనుక కాస్త చింతపండు రసం తప్పదు. పచ్చడికి తురిమిన వెంటనే నిమ్మరసం కలపకపోతే రంగు మారుతుంది. ఫ్రిజ్‌లో ఈ కాయలను కొత్తిమీర పక్కన మాత్రం ఉంచకండి. వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువుకు ఆకు పసుపు బారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం సగం కొమ్మలకు ఆకు తీసి, మిగతా వాటికి అంటు కట్టిస్తాను. పచ్చగా ఉన్న చెట్టుకు గుండు కొట్టిస్తావా అని మా అమ్మగారు ఇప్పటికే కోప్పడుతున్నారు.